గంజాయికి అనుమతి ఇవ్వాలా? నాలుగు దారులు, ఎవరికి ఏది సరిపోతుంది

మా వీధిలో ఇంటర్ చదివే కుర్రాడొకడు చిన్న గంజాయి ప్యాకెట్‌తో పట్టుబడ్డాడు. కేసు, కోర్టు వాయిదాలు, మధ్యలో పోయిన పరీక్షలు. వాళ్లమ్మ మా ఇంటికొచ్చి ఏడ్చిన రోజు ఇంకా గుర్తుంది. "వాడు ఆ పాడు అలవాటు చేసుకున్నాడన్న బాధ ఒకటి వదినా, ఈ కేసుతోనే వాడి బతుకు అయిపోతుందేమోనన్న భయం ఇంకొకటి" అంది. అదే వీధి చివర ఖాళీ స్థలంలో చీకటి పడితే గంజాయి బ్యాచ్ చేరేది. ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలు ఆ దారి మానేసి చుట్టూ తిరిగి ఇళ్లకు చేరేవాళ్లు.

వ్యక్తి స్వేచ్ఛ గురించి మాట్లాడేవాళ్ల వాదనలో ఆ ఆడపిల్లలకు చోటుండదు. సమాజం గురించి మాట్లాడేవాళ్ల వాదనలో ఆ తల్లికి చోటుండదు. ఇద్దరినీ మనసులో పెట్టుకుని, ఎటూ తేల్చుకోలేక ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందే ఒక చిక్కుముడి విప్పుకోవాలి. "చట్టబద్ధం చేయాలా వద్దా" అని అడిగినప్పుడు అందులో రెండు వేరువేరు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. వాడినవాడిని నేరస్థుడిగా చూడాలా అన్నది ఒకటి. అమ్మకాన్ని వ్యాపారంగా సాగనివ్వాలా అన్నది రెండోది. మొదటిదానికి "వద్దు" అన్నవాళ్లు రెండోదానికి "సరే" అనాలని ఎక్కడా లేదు. ప్రపంచంలో చాలా దేశాలు ఈ రెంటికీ వేరువేరు జవాబులే ఇచ్చాయి. వైద్యానికి వాడే గంజాయి, నారకోసం పెంచే గంజాయి రకాలు (హెంప్), ఉత్తరాదిలో లైసెన్సు దుకాణాల్లో అమ్మే, ఆకుతో చేసే భంగు ఇక్కడ లెక్కలోకి రావు. సరదాకి, మత్తుకోసం పెద్దవాళ్లు వాడే గంజాయి గురించే ఈ పోలిక.

## దేన్ని బట్టి తూచాలి

సొంత స్వేచ్ఛ. పక్కవాడికి హాని చేయనంతవరకు మనిషి తన ఒంటితో ఏం చేసుకున్నా ప్రభుత్వం జోక్యం చేసుకోకూడదని జాన్ స్టువర్ట్ మిల్ 19వ శతాబ్దంలోనే వాదించాడు. ఈ వాదన కోర్టుల్లోనూ నిలబడింది. దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 2018 సెప్టెంబరులో, పెద్దవాళ్లు తమ ప్రైవేటు చోట గంజాయి పెంచుకుని వాడుకోవడం వ్యక్తిగత గోప్యత కిందికి వస్తుందని తీర్పు ఇచ్చింది. అమ్మకాన్ని మాత్రం నేరంగానే ఉంచింది. స్వేచ్ఛకు దుకాణం తప్పనిసరి కాదని ఆ తీర్పు చూస్తే అర్థమవుతుంది. మన సుప్రీంకోర్టు కూడా 2017లో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది, కానీ గంజాయి చట్టం మారలేదు.

పిల్లల మెదడు. నా దృష్టిలో అన్నిటికన్నా బరువైన కొలమానం ఇదే. మెదడు ఎదుగుదల దాదాపు 25 ఏళ్ల వరకు సాగుతుంది. గంజాయి వాడినవాళ్లలో సుమారు 9 శాతం మంది దానికి బానిసలవుతారని, టీనేజీలో మొదలుపెట్టినవాళ్లలో అది ఆరుగురిలో ఒకరి దాకా పెరుగుతుందని చాలాకాలంగా వైద్యులు చెప్పే లెక్క. గంజాయిలో మత్తునిచ్చే పదార్థం టీహెచ్‌సీ. అది ఎక్కువగా ఉన్న రకాన్ని రోజూ వాడేవాళ్లకు మతిభ్రమ జబ్బు వచ్చే అవకాశం, అసలు వాడనివాళ్లతో పోలిస్తే, దాదాపు ఐదు రెట్లు ఉందని 2019లో యూరప్‌లో పలు నగరాల్లో చేసిన అధ్యయనం చెప్పింది. "ఆకే కదా, సహజమైనదే కదా" అనేవాళ్లు ఇది ఒకసారి ఆలోచించాలి. అప్పట్లో సాధువుల చిలుంలో ఉన్న సరుకూ, ఇప్పుడు ప్రయోగశాలల్లో ఘాటు పెంచి అమ్ముతున్న సరుకూ ఒకటి కావు.

శిక్ష ఎవరి మీద పడుతోంది. అమెరికాలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ దాదాపు సమానంగానే వాడినా, గంజాయి దగ్గరుంచుకున్న కేసుల్లో నల్లవాళ్ల అరెస్టులు మూడున్నర రెట్లకు పైగా ఉన్నాయని అక్కడి పౌరహక్కుల సంఘం 2018 వరకు ఉన్న లెక్కలతో చూపింది. మన దగ్గర రంగు లేకపోవచ్చు, కొండ ఉంది. దాని గురించి కింద వివరంగా చెబుతాను.

డబ్బు ఎవరి చేతికి పోతోంది. దొంగ ముఠాకా, కంపెనీకా, ఖజానాకా, ఎవరికీ కాదా?

తప్పు జరిగితే వెనక్కి రాగలమా. ఈ కొలమానాన్ని ఎవరూ పట్టించుకోరు. శిక్ష తగ్గించి చూసి, బాగోలేకపోతే మళ్లీ పెంచొచ్చు. వేల దుకాణాలు, పెట్టుబడులు, ఉద్యోగాలు వచ్చేశాక వెనక్కి తిప్పడం చాలా కష్టం.

## మొదటి దారి: పూర్తి నిషేధం

మన దేశం ఉన్నది ఈ దారిలోనే, కానీ ఎప్పటినుంచో కాదు. బ్రిటిష్ ప్రభుత్వం 1893-94లో వేసిన హెంప్ డ్రగ్స్ కమిషన్, మితంగా వాడితే పెద్దగా కీడు లేదని, నిషేధించడం కన్నా పన్ను వేసి అదుపులో పెట్టడమే మేలని చెప్పింది. మత్తుపదార్థాల మీద 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందం తర్వాత కూడా గడువు దొరికింది. 1985 నవంబరులో మత్తుపదార్థాలను అదుపుచేసే ఎన్‌డీపీఎస్ చట్టం అమలులోకి వచ్చాకే గంజాయి పువ్వు, చరస్ (దాని జిగురు) నేరమయ్యాయి. వట్టి ఆకు ఆ నిర్వచనంలో లేదు. భంగు దుకాణాలు నడుస్తున్నది అందుకే.

ఈ చట్టం ప్రకారం వాడినందుకు ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. దగ్గర ఉన్నది కిలో లోపయితే ఏడాది వరకు జైలు. 20 కిలోలు దాటితే కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్లు, పైగా బెయిల్ దొరకడం గగనం. ఆ మొదటి మెట్టు చూడండి: జేబులో ఐదు గ్రాములున్న కాలేజీ కుర్రాడూ, సంచిలో 900 గ్రాములు పెట్టుకుని కాలేజీ గేటు దగ్గర అమ్మేవాడూ చట్టం దృష్టిలో ఒకే "చిన్న పరిమాణం" కింద ఉంటారు.

ఇక కొండ సంగతి. పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు వైపు ఏజెన్సీలో పండిన "శీలావతి" రకం గంజాయి దేశమంతా పేరుపడింది. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు "ఆపరేషన్ పరివర్తన" పేరుతో వేల ఎకరాల్లో తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పట్టుబడ్డ 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. తర్వాత సాగు చాలావరకు సరిహద్దు దాటి ఒడిశాలోని మల్కాన్‌గిరి, కోరాపుట్ వైపు జరిగింది. సరుకు దిగే దారులు మాత్రం మన ఘాట్ రోడ్లే. పెట్టుబడి పెట్టేవాడు ఏ నగరంలోనో ఉంటాడు. చెక్‌పోస్టు దగ్గర దొరికేది రోజు కూలికి మూట మోసిన ఆదివాసీ కుర్రాడు. ఆ మూట 20 కిలోలు దాటిందంటే వాడి యవ్వనమంతా విశాఖ కేంద్ర కారాగారంలోనే. ఈ అన్యాయం గురించి మాట్లాడకుండా నిషేధాన్ని సమర్థించడం నాకు సబబుగా తోచదు.

నిషేధం వల్ల మేలే లేదా అంటే, ఉంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసి 2019లో విడుదలైన సర్వేలో, దేశంలో గంజాయి, చరస్ వాడేవాళ్లు సుమారు 1.2 శాతం, అంటే 1.3 కోట్ల మంది అని తేలింది. అమ్మకం చట్టబద్ధమైన కెనడాలో వాడకం దీనికి ఎన్నో రెట్లు. నిషేధం ఒక్కటే కారణమని చెప్పలేం, కుటుంబం, సంఘం కట్టుబాట్లూ ఉన్నాయి. అయినా దుకాణం బోర్డు కనబడకపోవడం, ప్రకటన వినబడకపోవడం చిన్న విషయాలు కావు.

## రెండో దారి: నిషేధం ఉంచి, వాడినవాడికి జైలు తీసేయడం

పోర్చుగల్ 2001 జులైలో ఈ దారి పట్టింది. గంజాయి ఒక్కటే కాదు, అన్ని మత్తుపదార్థాలకూ వర్తింపజేసింది. పది రోజుల వాడకానికి సరిపడేంత దగ్గరుంటే కోర్టు కేసు ఉండదు. మనిషిని ముగ్గురు సభ్యుల కమిషన్ ముందుకు పంపుతారు. న్యాయం, వైద్యం, సామాజిక సేవ తెలిసినవాళ్లు అందులో ఉంటారు. అలవాటు ముదిరితే చికిత్సకు పంపుతారు, లేకపోతే మందలించి వదిలేస్తారు, కొన్నిసార్లు జరిమానా వేస్తారు. అమ్మినవాడికి మాత్రం జైలే.

ఇది విని అందరూ "బాగుందే" అంటారు. కానీ అమెరికాలోని ఒరెగాన్ కథ కూడా వినాలి. అక్కడ గంజాయి అంతకుముందే చట్టబద్ధం. 2020లో ఓటర్లు మిగతా మత్తుపదార్థాలు కొద్దిగా దగ్గరుంచుకోవడానికీ జైలు తీసేసి 100 డాలర్ల జరిమానా పెట్టారు. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే ఆ జరిమానా కూడా రద్దు. ఫోన్ చేసినవాళ్లు చాలా కొద్దిమంది. చికిత్స కేంద్రాలకు డబ్బు ఆలస్యంగా అందింది. వీధుల్లో బహిరంగంగా వాడకం కనబడడంతో జనం విసిగిపోయారు. 2024 సెప్టెంబరు నుంచి మళ్లీ నేరం చేశారు. పోర్చుగల్‌లో శిక్ష తీసేసిన చోట మనుషులను కూర్చోబెట్టారు, ఒరెగాన్‌లో ఫోన్ నంబరు పెట్టారు.

ఈ దారికి ఇంకో లోటుంది. వాడకం నేరం కాదు, అమ్మకం నేరం అంటే సరుకు ఎక్కడినుంచి రావాలి? నెదర్లాండ్స్ 1970ల నుంచి ఈ ముడి విప్పలేకపోయింది. అక్కడ కాఫీ షాపు ముందు తలుపులోంచి కొనుక్కోవచ్చు, వెనక తలుపులోంచి సరుకు తెచ్చేవాడు మాత్రం చాలాచోట్ల ఇంకా దొంగే.

## మూడో దారి: లాభం లేకుండా అనుమతి

ఉరుగ్వే 2013 డిసెంబరులో ప్రపంచంలోనే మొదటిసారి దేశమంతటా గంజాయిని చట్టబద్ధం చేసింది. పెద్దవాళ్లు పేరు నమోదు చేయించుకుని మూడు పద్ధతుల్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి: ఇంట్లో ఆరు మొక్కలు, సభ్యుల క్లబ్బు, లేదా మందుల దుకాణం. నెలకు 40 గ్రాముల పరిమితి. ప్రకటనలు లేవు. విదేశీ పర్యాటకులకు అమ్మరు.

జర్మనీ 2024 ఏప్రిల్ 1 నుంచి దాదాపు ఇలాంటి దారే పట్టింది. పెద్దవాళ్లు బయట 25 గ్రాములు, ఇంట్లో 50 గ్రాములు ఉంచుకోవచ్చు, మూడు మొక్కలు పెంచుకోవచ్చు. 500 మందికి మించని, లాభం చూసుకోని సంఘాలు సభ్యులకు పంచవచ్చు. 18 నుంచి 21 ఏళ్లవాళ్లకు నెలకు 30 గ్రాములే, అదీ టీహెచ్‌సీ 10 శాతం దాటకూడదు. దుకాణాలు లేవు. యువకుల మెదడు గురించి ఆలోచించి రాసిన నిబంధన ఇది, అందుకే నాకు నచ్చింది.

లోటు ఏమిటంటే, దీనికి నమ్మకమైన పాలన కావాలి. ఎవరు నమోదయ్యారు, ఎన్ని మొక్కలున్నాయి, సంఘం పేరుతో అమ్మకం జరుగుతోందా అని ఎప్పటికప్పుడు చూసేవాళ్లు ఉండాలి. లేకపోతే ప్రతి క్లబ్బూ ముసుగు వేసుకున్న దుకాణమే అవుతుంది.

## నాలుగో దారి: లైసెన్సు దుకాణాలు, కంపెనీలు

అమెరికాలో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు 2012 నవంబరులో ఓటు వేశాయి. కొలరాడోలో 2014 జనవరి 1న దుకాణాలు తెరుచుకున్నాయి. కెనడా 2018 అక్టోబరు 17న దేశమంతటా అనుమతించింది. లాభాలు కళ్లకు కనబడతాయి. సరుకులో ఏముందో లేబుల్ మీద ఉంటుంది, కల్తీ తగ్గుతుంది, చిన్న కేసులతో కోర్టులు నిండిపోవు. కొలరాడోకు పన్నుల రూపంలో 200 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది, అందులో కొంత బడి భవనాలకు వెళ్లింది.

కానీ వ్యాపారం మొదలయ్యాక దాని నడక దానిదే. గంజాయి కంపెనీకి ఆదాయం ఎప్పుడో పండక్కి ఒకసారి వాడేవాడి నుంచి రాదు, రోజూ వాడేవాడి నుంచి వస్తుంది. అందుకే ఘాటు పెంచుతారు, మిఠాయిలు, చాక్లెట్లు, కూల్‌డ్రింకులు చేస్తారు. అమెరికాలో ఆరేళ్లలోపు పిల్లలు గంజాయి మిఠాయిలు తెలియక తిన్నట్టు విష సమాచార కేంద్రాలకు 2017లో 207 కేసులు వస్తే, 2021లో 3,054 వచ్చాయి. ఇంకో చిక్కు: తిన్న గంజాయి గంట, రెండు గంటల దాకా ఎక్కదు. ఏమీ కాలేదనుకుని మళ్లీ తినేస్తారు.

దొంగ వ్యాపారం పోతుందన్న మాట కూడా సగమే నిజమైంది. కాలిఫోర్నియాలో పన్నులు ఎక్కువై, చాలా ఊళ్లు దుకాణాలను రానివ్వక, దొంగ సరుకు ఇంకా పెద్ద ఎత్తునే నడుస్తోంది.

థాయ్‌లాండ్ మరీ తొందరపడింది. 2022 జూన్‌లో గంజాయిని మత్తుపదార్థాల జాబితాలోంచి తీసేసింది, అదుపుచేసే చట్టం మాత్రం తేలేదు. వేల దుకాణాలు లేచాయి. మూడేళ్లకు, 2025 జూన్‌లో, డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని వెనక్కి తిప్పింది. అప్పటికే అప్పులు చేసి దుకాణాలు పెట్టినవాళ్లు రోడ్డున పడ్డారు.

దీన్ని అర్థం చేసుకోవడానికి మనం బ్యాంకాక్ దాకా వెళ్లక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా ఆగింది, 1995లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. 1997లో ఖజానా ఖాళీ అయిందని ఎత్తేశారు. నాటుసారా, పొరుగు రాష్ట్రాల సీసాలు ఒకపక్క, మద్యం ఆదాయం లేకుండా బడ్జెట్ వేయలేని ప్రభుత్వం ఇంకోపక్క. రెండు వైపుల పాఠమూ మనం డబ్బు కట్టి మరీ నేర్చుకున్నాం. నిషేధం దొంగ సారాను పుట్టిస్తుంది, లైసెన్సు ప్రభుత్వానికే అలవాటు పట్టిస్తుంది. గంజాయి మీద పన్ను వస్తుందని ఆశపడేవాళ్లు ఈ రెండో సగాన్ని మరచిపోకూడదు.

## ఒక్క చూపులో

| | పూర్తి నిషేధం | జైలు తీసేయడం | లాభం లేని అనుమతి | దుకాణాలు |
|---|---|---|---|---|
| ఎక్కడ | భారత్, సింగపూర్ | పోర్చుగల్ | ఉరుగ్వే, జర్మనీ | కెనడా, కొలరాడో |
| వ్యక్తి స్వేచ్ఛ | లేదు | కొంత | బాగా | పూర్తిగా |
| పిల్లల రక్షణ | ప్రకటనలు లేవు, దొంగచాటు సరుకు ఉంది | చికిత్స ఉంటేనే | వయసు, ఘాటు పరిమితులు | మిఠాయిల ప్రమాదం |
| శిక్ష భారం | పేదల మీద ఎక్కువ | అమ్మేవాళ్ల మీదే | తక్కువ | తక్కువ |
| డబ్బు | ముఠాలకు | ముఠాలకు | దాదాపు ఎవరికీ కాదు | కంపెనీలకు, ఖజానాకు |
| వెనక్కి రావడం | తేలిక | తేలిక | కష్టం కాదు | చాలా కష్టం |

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

స్వేచ్ఛే ముఖ్యమనుకునేవాళ్లు దుకాణం కోసం కొట్లాడకండి. మీ వాదన బలంగా నిలిచేది మూడో దారిలోనే. మీ ఇంట్లో మీ మొక్క, మీ ఇష్టం అనవచ్చు. బడి పక్కన బోర్డు పెట్టే హక్కు ఆ స్వేచ్ఛలో భాగం కాదు. బండి నడిపే స్వేచ్ఛ అసలే కాదు. మద్యానికి ఉన్న బ్రీత్ ఎనలైజర్ లాంటి నమ్మకమైన పరీక్ష గంజాయికి లేదు. మూత్ర పరీక్షలో వారం కిందట తాగినది కూడా బయటపడుతుంది, ఇప్పుడు మత్తులో ఉన్నాడో లేదో తేలదు. ఈ ముడి విప్పకుండా ఎవరూ ముందుకు వెళ్లకూడదు.

టీనేజీ పిల్లల తల్లిదండ్రులు మొదటి దారి వైపే మొగ్గుతారు, అది సహజం. ఒక్క మాట అడుగుతాను. మీ అబ్బాయి ఒకసారి తప్పు చేస్తే, వాడు మీ దగ్గరకు పరుగెత్తుకు రావాలా, మీకు తెలియకుండా దాచాలా? జైలు భయం ఎంత పెద్దదైతే దాచడం అంత ఎక్కువవుతుంది. రెండో దారిని ఒకసారి మనసు పెట్టి చూడండి.

అమెరికా, కెనడాల్లో ఉన్న మనవాళ్లు, అక్కడికి వెళ్లబోయే పిల్లలు ఈ భాగం తప్పకుండా చదవాలి. అమెరికాలో సగం దాకా రాష్ట్రాలు అనుమతించినా, కేంద్ర చట్టం ప్రకారం అది నేరమే. వీసాలు, గ్రీన్‌కార్డులు కేంద్రం చేతిలో ఉంటాయి. రాష్ట్రం అనుమతించిన గంజాయి వాడకమైనా, ఆ దుకాణంలో పార్ట్‌టైమ్ ఉద్యోగమైనా పౌరసత్వ దరఖాస్తుకు అడ్డు రావచ్చని అక్కడి ఇమ్మిగ్రేషన్ విభాగం 2019లోనే స్పష్టంగా చెప్పింది. వాడానని అధికారి ముందు ఒప్పుకున్నా చిక్కే. కెనడాలో వాడకం నేరం కాదు, కానీ మత్తులో బండి నడిపి దొరికితే 2018 డిసెంబరు నుంచి అది తీవ్ర నేరం కింద లెక్క. పీఆర్ (శాశ్వత నివాస హోదా) కూడా పోవచ్చు. రూమ్మేట్లు "ఇక్కడ లీగల్ రా" అంటారు. వాళ్లు పౌరులైతే వీసా పోతుందన్న భయం వాళ్లకు లేదు, మీకు ఉంది.

## మన రెండు రాష్ట్రాలకు నేను ఎంచుకునేది

దుకాణాలు వద్దు. ఈ మాట సందేహం లేకుండా చెబుతున్నాను. మద్యాన్నే అదుపు చేయలేకపోతున్న చోట ఇంకో మత్తుకు లైసెన్సు వేలం వేయడం మన ఆడవాళ్లకు, పిల్లలకు చేసే ద్రోహం. క్లబ్బులను సక్రమంగా చూసుకునే యంత్రాంగం కూడా ఇప్పుడు మన దగ్గర లేదు.

నాకు సరైనది రెండో దారి, అదీ ఒరెగాన్ లాగా కాకుండా పోర్చుగల్ లాగా. కిలో అనే మెట్టును చీల్చాలి. సొంత వాడకానికి సరిపడే కొన్ని గ్రాములకు జైలు ఉండకూడదు, వందల గ్రాములు అమ్మేవాడికి ఉండాలి. బహిరంగ స్థలంలో తాగితే జరిమానా గట్టిగానే పడాలి, మా వీధి ఆడపిల్లలు తిన్నగా ఇంటికి రావాలి కాబట్టి. మూట మోసిన కూలీకీ, మూట పంపినవాడికీ శిక్షలో తేడా ఉండాలి. కాఫీ, మిరియాలు, పసుపుకు ఏజెన్సీలో ఇంటి ముందే సరైన ధర దొరికితే, ఆ కూలీ మూట ఎత్తుకునే అవసరమే తగ్గుతుంది.

చట్టం మారేదాకా ఆగక్కర్లేనిది ఒకటుంది. ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. వాడినందుకో, చిన్న పరిమాణం దగ్గరున్నందుకో కేసు పడ్డ వ్యసనపరుడు తనంతట తానుగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో చికిత్సకు చేరి, దాన్ని పూర్తి చేస్తే విచారణ నుంచి రక్షణ పొందవచ్చు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోతుంది. మా వీధి కుర్రాడి తల్లికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, నాకూ అప్పట్లో తెలియదు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో అలాంటి కేసుంటే ముందు వకీలుతో ఈ సెక్షన్ గురించి మాట్లాడండి. వ్యసనం గురించి సలహాకు 14446 నంబరుకు ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.